తెలుగు నేల మీద పొగాకు – ఏడవ భాగం: కనుమలెక్కిన పైపు

పొగాకు ఈ దేశంలో ఎలా అడుగుపెట్టిందో గత భాగం వివరించింది. పోర్చుగీసు ఓడల్లో పశ్చిమ తీరానికి చేరిన ఈ అమెరికా ఆకు మొదట దక్కను సుల్తానుల కొలువుల్లో ఆదరణ పొందిందనీ, 1604–05 ప్రాంతంలో బీజాపూరు నుంచి ఆగ్రాకు మరలిన అసద్ బేగ్ రత్నాలు తాపిన గొట్టంతో సహా దానిని అక్బరుకు సమర్పించినప్పుడు ఆస్థాన వైద్యుడు వద్దని వారించాడనీ, 1617లో జహంగీరు విధించిన నిషేధాన్ని ఎవరూ పెద్దగా ఖాతరు చేయలేదనీ, ఆ తరువాత హుక్కా నవాబుల దర్బారుల నుంచి పాళెగాండ్ర చావడుల దాకా పాకిందనీ అందులో చూశాం. ఈ భాగం తీరాంధ్రను కాసేపు పక్కన పెట్టి, కనుమల మీది మెట్ట సీమకు, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు వస్తుంది. పొగాకు పంటకు పేరుపడని ఈ సీమను ఎంచుకోవడానికి కారణం ఉంది. చుట్ట, చిలుము, హుక్కా, పైపు, బీడీ, సిగరెట్టు ఒకదానినొకటి ఎలా తోసుకువచ్చాయో, ఎవరి చేతిలో ఏది ఎందుకు నిలిచిందో ఇంత దగ్గరగా కనిపించే చోట్లు తక్కువ.

పద్దెనిమిదవ శతాబ్దపు చివరి పాతికేళ్లు ఈ సీమకు యుద్ధాల కాలం. మైసూరు, ఆర్కాటు, నిజాము, కంపెనీ సేనలు ఈ దారుల వెంటే నడిచాయి; 1782 డిసెంబరులో హైదర్ అలీ కన్నుమూసింది కూడా చిత్తూరు దాపునే. 1792 నుంచి 1801 వరకు జరిగిన ఒడంబడికలతో ఈ ప్రాంతమంతా దశలవారీగా కంపెనీ ఏలుబడి కిందికి వచ్చింది. నిజాము వదులుకున్న దత్తమండలాల్లో భాగంగా మదనపల్లె కడప కలెక్టరు కిందికి చేరగా, పుంగనూరు జమీందారీ, కుప్పం ముఖ్య పట్టణంగా ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో నిలిచాయి. ఈ మూడు చోట్లూ ఒకే జిల్లా కిందికి రావడానికి 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆగవలసివచ్చింది. ఈ విభజన పరిపాలనకు సంబంధించినదే అయినా పొగ తాగే అలవాట్ల మీద కూడా దాని ప్రభావం పడింది. మదనపల్లెలో దొరల కచ్చేరీ ఉండేది, పుంగనూరులో జమీందారు కోట ఉండేది, కుప్పం మీదుగా రైలు నడిచింది. ఈ మూడింటి చుట్టూ మూడు రకాల పొగ అల్లుకుంది.

కంపెనీ తొలినాటి దొరలు పైపు తాగినవారు కారు, హుక్కా తాగినవారు. హుక్కాలో పొగ నీటి గుండా సాగి చల్లబడి, పొడవాటి మెత్తని గొట్టం ద్వారా నోటికి అందుతుంది. అది ఒక్కడు మోసుకుతిరిగే వస్తువు కాదు. నిప్పు రాజేయడానికి, నీరు మార్చడానికి, గొట్టం శుభ్రం చేయడానికి హుక్కాబర్దారు అనే సేవకుడు ప్రత్యేకంగా ఉండాలి. 1779లో కలకత్తాలో వారెన్ హేస్టింగ్సు దంపతులు పంపిన ఆహ్వానపత్రిక హుక్కాబర్దారును తప్ప మరే సేవకుణ్నీ వెంట తీసుకురావద్దని అతిథులను కోరిందంటే ఆ వైభవం ఎంతటిదో తెలుస్తుంది. జమీందార్ల కొలువుల్లోనూ హుక్కా అధికార చిహ్నమే. దొర, జమీందారు ఎదురెదురుగా కూర్చున్న సమయాన ఇద్దరి ముందూ ఒకే రకం సాధనం ఉండడం ఆ తరం రాజకీయానికి తగినట్టే ఉంది. పాలించేవాడింకా పాలితుల మర్యాదలను అనుకరిస్తున్న కాలమది.

పందొమ్మిదవ శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఆ మర్యాదలు దొరలకు చిన్నతనంగా తోచసాగాయి. ఇంగ్లండు నుంచి వచ్చే ఓడలు పెరిగాయి, దొరసానులు వచ్చారు, దేశీయుల వలె బతకడం అనే మాటే నిందగా మారింది. 1840ల నాటికి హుక్కా దొరల బల్లల దగ్గరినుంచి దాదాపుగా మాయమై, దాని చోట తిరుచిరాపల్లి చుట్ట వచ్చింది. ‘ట్రిచినోపలీ’ అనే పేరుతో లండన్ దాకా వెళ్లిన ఆ చుట్టను ఆర్థర్ కానన్ డాయిల్ 1887లో వెలువడిన తన తొలి షెర్లాక్ హోమ్స్ నవలలో నేరపరిశోధనకు ఆనవాలుగా వాడుకున్నాడు. ఆ చుట్టల్లో చుట్టిన ఆకు తమిళ సీమదే కాదు, గోదావరి లంకల ఆకు కూడా దక్షిణాది చుట్టలకు పేరెన్నికగన్నదే. 1857 తరువాత కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది. క్రిమియా యుద్ధం నుంచి గడ్డాలతో, పైపులతో తిరిగివచ్చిన సైనికాధికారులు ఇంగ్లండులో కొత్త మోస్తరును నెలకొల్పారు. ఆ తరం ఉద్యోగులే ఆ తరువాత సబ్ కలెక్టర్లుగా, ఇంజనీర్లుగా, అటవీ అధికారులుగా ఈ కనుమలెక్కారు.

వారి రాకకు ముందు, వారి కాలంలోను పల్లెల్లో సాగిన పొగ వేరు. రాగులు, వేరుశనగ పండించే మెట్ట రైతు తాగింది చుట్ట. ఎండిన ఆకును తడి చేతితో సాపు చేసి, ఈనె తీసి, లోపల తునకలు పెట్టి, తొడ మీద ఒక్క తీరున చుట్టి కొన అంటిస్తే సరిపోయేది. దానికి మరే పనిముట్టూ అక్కరలేదు. సగం కాల్చి ఆర్పి చెవి మీద పెట్టుకుని, కపిల తోలడం అయ్యాక మళ్లీ ముట్టించుకోవచ్చు. అగ్గిపెట్టెలు ఊళ్లకు రాకముందు చెకుముకి రాయి, ఇనుప ముక్క, బూరుగు దూది ఉన్న చిన్న సంచి మొలలో వేలాడేది. నలుగురు కూడినచోట చిలుము నడిచేది. కుమ్మరి సారె మీద తీసిన ఈ మట్టి గొట్టానికి అడుగున సన్నని రంధ్రం, దాని మీద నిప్పు జారకుండా చిన్న గులకరాయి, పట్టుకునే కొనకు తడిగుడ్డ పీలిక ఉంటాయి. తాగేవాడు రెండు అరచేతులను గిన్నెలా మూసి బొటనవేళ్ల సందు నుంచి పొగ లాగుతాడే గాని పెదవులను మట్టికి తాకనివ్వడు. అంటు, ఎంగిలి పట్టింపులున్న సమాజంలో ఒక చిలుము నలుగురి చేతులు మారగలిగిందంటే ఆ అరచేతి అమరికే కారణం. అయినా ఆ నలుగురు ఎవరన్నది కులమే నిర్ణయించేది. ఆ గీత దాటిన చిలుము అరుదు.

పైపుకు ఈ చిలుము దూరపు చుట్టమే. ఐరోపాలో కూడా మొదటి పైపులు మట్టివే. హాలండులోని ఖౌడాలో, ఇంగ్లండులోని బ్రోజ్లీలో బట్టీలో కాల్చిన తెల్లమట్టి గొట్టాలు పదిహేడవ శతాబ్దం నుంచి సామాన్యుడి సాధనాలు. అవి చవకైనవి, కాని చేతికి వేడి తగిలేవి, ఇట్టే పగిలేవి. ధనికుల కోసం తుర్కీలోని ఎస్కిషెహిర్ గనుల్లో దొరికే మీర్‌షామ్ వచ్చింది. చెక్కడానికి మెత్తగా ఉండే తెల్లని ఖనిజమది. ఏళ్ల తరబడి పొగ తాగిన కొద్దీ తేనె రంగుకు, ఆపై ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ రంగు ఎక్కడమే దాని యజమానికి గర్వకారణం. చివరికి ఈ రెంటినీ వెనక్కి నెట్టింది బ్రయర్. మధ్యధరా తీరపు బీడు కొండల మీద పెరిగే ఒక పొద మొదలులో, వేరుకూ కాండానికీ నడుమ, కణితిలా ఊరే గట్టి కొయ్యనే బ్రయర్ అంటారు. దాన్ని తవ్వితీసి, గంటల తరబడి నీటిలో ఉడకబెట్టి లోపలి రసం పోగొట్టి, నెలలపాటు నీడన ఆరబెట్టాక గాని చెక్కరు. నిప్పును తట్టుకుంటుంది, చెమ్మను పీల్చుకుంటుంది, చేతికి వేడి తెలియనివ్వదు. ఫ్రాన్సులోని జూరా కొండల్లో సెంట్ క్లాడ్ అనే ఊరు పందొమ్మిదవ శతాబ్దం నడిమి నుంచి ఈ పనికి రాజధాని అయింది. లండన్‌లో ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో పొగాకు దుకాణం తెరిచి, కొనేవాడి రుచికి తగ్గట్టు ఆకులు కలిపి ఇచ్చి, పైపును ఒక అభిరుచి స్థాయికి తీసుకెళ్లాడు.

ఈ పైపు మెట్ట సీమకు వచ్చిన దారుల్లో మొదటిది రైలు. మద్రాసు నుంచి జోలార్‌పేట మీదుగా బెంగళూరు దండు దాకా 1864లో పట్టాలు పడినప్పుడు కుప్పం ఆ దారిలోని స్టేషనయింది. అదే ఏడాది అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో తెల్ల బర్లీ అనే కొత్త పొగాకు రకం మొలకెత్తింది. చక్కెర తక్కువగా ఉండి ఏ వాసననైనా ఇట్టే పీల్చుకునే ఆ ఆకు తరువాతి కాలపు పైపు మిశ్రమాలకు వెన్నెముక అయింది. 1880లో మైసూరు సరిహద్దులో, కుప్పానికి వాయవ్య దిక్కున, జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనుల పని చేపట్టింది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరం గనుల నుంచి వచ్చిన నిపుణులు అక్కడ ఇళ్లు కట్టుకుని తమ ఊరిని తలపించే చిన్న లోకం సృష్టించుకున్నారు. కార్న్‌వాల్ గనివాడికి పైపు రొట్టె తరువాతి అవసరం. ఆ గనుల్లో బండలు పగలగొట్టిన కూలీల్లో ఉత్తర ఆర్కాటు జిల్లా వారు పెద్దసంఖ్యలో ఉన్నారు. గని నుంచి పైకి వచ్చాక దొర ఒకచోట పైపు నింపుతుంటే, కొంత దూరంలో కూలీ చుట్ట ముట్టించేవాడు. ఒకే ఆకు ఇద్దరినీ సేదదీర్చింది. నడుమ ఉన్న జీతాల అంతరం మాత్రం ఆ పొగతో కరగలేదు.

రెండవ దారి కచ్చేరీ. కడప కలెక్టరు డబ్ల్యూ. డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో మదనపల్లెకు చేరువలోని ఏనుగు మల్లమ్మ కొండను వేసవి విడిదిగా ఎంచుకున్నాడు. 1,250 మీటర్లకు పైబడిన ఆ కొండ నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధం. మైదానపు ఎండలో కాగితాలతో కుస్తీ పట్టి కొండెక్కిన ఉద్యోగికి సాయంకాలపు చలి, వరండా, వాలుకుర్చీ, పైపు ఒకటిగా కలిసి వచ్చే సుఖాలు. పైపు తొందరపడేవాడి వస్తువు కాదని ఇక్కడ గుర్తించాలి. గిన్నెలో పొగాకును మూడు విడతలుగా, అడుగున వదులుగా, నడుమ కొంచెం నొక్కి, పైన గట్టిగా నింపాలి. మొదట పైపైన వెలిగించి, ఉబికిన ఆకును అదిమి, మళ్లీ వెలిగించాలి. ఆ తరువాత ఆరిపోకుండా, మండిపోకుండా నెమ్మదిగా పీల్చాలి. గిన్నె లోపల పల్చగా పట్టే మసి పొర కొయ్యను కాపాడుతుంది గనుక దాన్ని గీకి పారేయరు, మందం కానివ్వరు. ఒకసారి తాగిన పైపును ఆ రోజుకు విడిచిపెట్టి చెమ్మ ఆరనిస్తారు గనుక అభిరుచి గలవాడికి ఒక్క పైపు చాలదు. ఇంత తీరిక, ఇంత సరంజామా, పెట్టెల కొద్దీ అగ్గిపుల్లలు ఉన్నది ఆ రోజుల్లో ఈ సీమలో దొరలకు, వారిని చూసి నేర్చిన కొద్దిమంది ఉద్యోగులకు మాత్రమే.

డబ్బాల సంగతి మరింత ఆసక్తికరం. బ్రిస్టల్‌కు చెందిన విల్స్, నాటింగ్‌హామ్‌కు చెందిన ప్లేయర్స్ వంటి కంపెనీలు గాలి చొరని రేకు డబ్బాల్లో పైపు పొగాకును వలస దేశాలకు పంపేవి. అందులో వర్జీనియా ఆకు ప్రధానం. వేడిగాలితో పండబెట్టిన ఆ పసుపు ఆకులో చక్కెర ఎక్కువ, వాసన ఎండుగడ్డిని తలపిస్తుంది. ఆకులను దొంతరగా పేర్చి మరమీద అదిమి పలకలుగా చేసి, ఆ పలకను సన్నని పొరలుగా కోస్తే నేవీ కట్. నావికులు పొగాకును బిగించి దాచుకున్న పాత పద్ధతి నుంచి పుట్టిన పేరది. తుర్కీ, గ్రీసు దేశాల ఎండలో ఆరిన చిన్న ఆకులు సుగంధానికి, సిరియా రేవు పేరున్న లటాకియా కట్టెల పొగలో మాగిన కాటు వాసనకు, లూసియానాలో పీపాల్లో తమ రసంలోనే నెలల తరబడి అదిమి పులియబెట్టిన పెరీక్ మిరియపు ఘాటుకు తోడయ్యేవి. ఆకుకు తీపి పట్టించి ఆవిరిలో మగ్గబెడితే అది కావెండిష్. ఈ పాళ్లు కలపడమే పైపు విద్యలో సగం.

కాని ఈ విద్య ఈ దేశానికి కొత్తది కాదని గట్టిగా చెప్పవలసి ఉంది. హుక్కాకు వాడే పొగాకును దంచి, బెల్లం పాకం కలిపి, కొన్నిచోట్ల సుగంధ ద్రవ్యాలు చేర్చి, మట్టికుండల్లో మగ్గబెట్టే పద్ధతి మొగలుల కాలం నుంచీ ఉంది. తీపి పట్టించడం, మగ్గబెట్టడం, వాసన కలపడం అనే మూడు పనులూ కావెండిష్‌లో ఉన్నవే. దొరలు హుక్కాను మోటుగా భావించి విడిచిపెట్టి, దాదాపు అదే సూత్రంతో తయారైన పొగాకును రేకు డబ్బాలో ఓడ మీద తెప్పించుకున్నారు. దీనిని రుచిలో వచ్చిన మార్పు అనడం కన్నా హోదాలో వచ్చిన మార్పు అనడమే సరైనది.

డబ్బా మూత తీసిన తరువాత ఈ సీమ వాతావరణం అడ్డు తగిలేది. మద్రాసు రేవులో చెమ్మకు బూజు పట్టే భయం. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, పొడిగాలి వీచే మదనపల్లెలో ఆకు ఎండి పొడి అయ్యే భయం. అతిగా ఎండిన పొగాకు భగ్గున మండి నాలుకను కాలుస్తుంది గనుక పైపు తాగేవారు డబ్బాలో పచ్చి బంగాళాదుంప ముక్క వేసి చెమ్మ నిలిపేవారు. పుంగనూరుకు రైలు లేదు, ఈనాటికీ లేదు. మదనపల్లె రోడ్డు అనే స్టేషను కూడా ఊరికి దూరంగానే ఉంది. మద్రాసు దుకాణం నుంచి బయలుదేరిన డబ్బా చివరి మజిలీలు ఎద్దుబండి మీదనే దాటవలసిన రోజుల్లో ఇక్కడ పైపు అభిరుచిని నిలుపుకోవడం ఖర్చుతో, ఓపికతో కూడిన పని.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఇరవై ఏళ్లలో పోటీ తీవ్రమైంది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ స్థాపితమై సిగరెట్టును ఊరూరా చేర్చింది. సిగరెట్టుకు తీరిక అక్కరలేదు, విద్య అక్కరలేదు. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో పైపు నింపే వ్యవధి లేని సైనికులు సిగరెట్టుకు మళ్లారు. ఇంకొకవైపు స్వదేశీ ఉద్యమం విదేశీ సిగరెట్టును బహిష్కరించమంది. ఆ పిలుపు పొగ మాన్పించడానికి బదులు తునికి ఆకులో చుట్టిన బీడీకి బాట వేసింది. కుప్పానికి దిగువన ఉన్న గుడియాత్తం, వేలూరు ప్రాంతాల్లో బీడీ చుట్టే పని వేల ఇళ్లకు ఉపాధి అయింది. మదనపల్లెలో అనీబిసెంట్ 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల జాతీయ భావాలకు నెలవై, హోంరూల్ ఉద్యమ కాలంలో విశ్వవిద్యాలయ గుర్తింపును పోగొట్టుకుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు ‘జనగణమన’కు ఆంగ్లానువాదం రాసింది ఆ ఆవరణలోనే. అటువంటి వాతావరణంలో చదువుకున్న యువకుడికి పైపు ఆకర్షణగా కన్నా అధికారుల వేషంగా కనిపించడం సహజం. పైపు పల్లెకు దిగిరాకపోవడానికి దాని ధర ఒక్కటే కారణం కాదు. పైపు ఇవ్వగల సుఖాన్ని చుట్ట ముందే, పనిముట్టు లేకుండా, దొరతనం అంటకుండా ఇచ్చింది.

సరిగ్గా ఆ సమయంలోనే కథ అనుకోని మలుపు తిరిగింది. 1919లో బ్రిటిషు ప్రభుత్వం తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకు దిగుమతి సుంకంలో రాయితీ ఇచ్చింది, 1925లో ఆ రాయితీని పెంచింది. అమెరికా ఆకు కన్నా చవకగా దొరుకుతున్న ఈ సామ్రాజ్యపు ఆకును బ్రిటిషు తయారీదారులు సిగరెట్టులో కన్నా పైపు మిశ్రమాల్లోనే ఎక్కువగా వాడారు. పైపులో రంగు, మందం పట్టింపు తక్కువ, ఇతర ఆకులతో కలిస్తే లోపాలు మరుగున పడతాయి. ఆ విధంగా ఆఫ్రికాలోని రొడీషియా, న్యాసాలాండు ఆకుతో పాటు కృష్ణా, గుంటూరు జిల్లాల ఆకు కూడా ఇంగ్లండు కూలివాడి పైపులోకి చేరింది. పైపు పట్టుకున్న ప్రధానమంత్రిగా స్టాన్లీ బాల్డ్‌విన్ పత్రికల్లో కనిపించిన రోజులవి. ఇక్కడి రైతు ఎన్నడూ నోట పెట్టని పైపుకు ఆకు పండించినవాడు ఇక్కడి రైతే. లాభంలో అతడికి దక్కిన వాటా ఎంత అన్నదే ఈ ధారావాహికలో మిగిలిన భాగాలన్నిటికీ మూలప్రశ్న.

ఈ సీమలో పైపు అస్తమయం దొరల నిష్క్రమణతోనే మొదలైంది. 1947 తరువాత ఉద్యోగాలు మారాయి. 1948 నాటి చట్టంతో జమీందారీలు రద్దయి పుంగనూరు, కంగుంది కొలువులు చరిత్రలో కలిశాయి. వైద్యం కూడా పొగకు ఎదురు తిరిగింది. మదనపల్లె శివార్లలోని ఆరోగ్యవరంలో 1915 నుంచి పనిచేస్తున్న క్షయ చికిత్సాలయం ఈ ప్రాంతపు పొడిగాలిని ఊపిరితిత్తుల రోగులకు ఔషధంగా మలిచింది. డెన్మార్కు వైద్యుడు ఫ్రీమాట్ మోలర్ సారథ్యంలో ఎదిగిన ఆ సంస్థ ఉన్న మదనపల్లెలోనే 1948లో దేశంలో బీసీజీ టీకా కార్యక్రమం ప్రారంభమైంది. రెండేళ్లకు, 1950లో, ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ ప్రచురించిన అధ్యయనం పొగ తాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది. పైపు పొగను సాధారణంగా గుండెల్లోకి పీల్చరు గనుక అది క్షేమమని కొంతకాలం సాగిన నమ్మకం కూడా నిలవలేదు. నోటికి, గొంతుకు, అన్నవాహికకు దాని వల్ల కలిగే ముప్పు రుజువైంది. పైపు చరిత్రను ఎంత మక్కువతో రాసినా ఈ సంగతి చెప్పకుండా ముగించడం పాఠకుడికి చేసే ద్రోహమవుతుంది.

వచ్చే భాగం కనుమలు దిగి మళ్లీ తీరానికి వెళ్తుంది. 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ చీరాలలో ఎలా పాదుకుందో, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన పన్ను నిరాకరణ సాగిన రోజుల్లో అదే ఊళ్లో పొగాకు వ్యాపారం ఎలా నడిచిందో, నాటు పొగాకు పండించే రైతు వర్జీనియా వైపు ఎందుకు మొగ్గాడో అందులో వివరంగా ఉంటుంది. ఆ కథ 1920లో గుంటూరు నేలలో నాటిన తొలి వర్జీనియా నారుతో మొదలై, 1928లో ఆ పొలాల పక్కనే వెలిసిన, ఆకు పండబెట్టే బ్యారన్ల దగ్గరికి చేరుతుంది.